పొటాషియం-రుబీడియం జంటని అయస్కాంతంతో శృతి చేయడం ఎలా

ఎమ్మెస్సీ పిల్లలు ప్రాజెక్టు కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతారు. "సార్, ఫెష్‌బాక్ రెజొనెన్స్ డెఫినిషన్ వచ్చు, పరీక్షలో రాసేస్తాం కూడా, కానీ ఆ 546 గాస్ దగ్గర ల్యాబులో మనిషి కూర్చుని చేసే పని ఏంటి?" గాస్ అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్, ఆ రెజొనెన్స్ ఏంటో లాకుల దగ్గర చెప్తాను. నేను కొన్నేళ్లు అలాంటి ల్యాబులోనే కూర్చున్నవాణ్ని, ఇప్పుడు గుంటూరులో పాఠాలు చెప్తున్నా, అందుకని ఆ పని ఎలా చేస్తారో, అందులో ఎంత భాగం మన ఊళ్లోనే చేతులతో చేసి చూడొచ్చో మొదటినుంచీ చెప్తాను. వాక్యూమ్ చాంబరు, లేజర్లు మన దగ్గర ఉండవు. మిగతాదానికి ఒక ఫోను, లెక్కలు వేసే ఒక షీటు, నూట ముప్ఫై మీటర్ల వైండింగ్ వైరు, ఒక డీసీ పవర్ సప్లై ఉంటే చాలు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, నాకు ఇది చాలా ఆలస్యంగా తెలిసింది. ఇందులో సూత్రం ఒక్క లైను. కష్టమంతా ఫీల్డు దగ్గర, అంటే అయస్కాంత క్షేత్రం దగ్గర ఉంది. పరమాణువులు ఉన్న చోట ఎన్ని గాస్‌లు ఉన్నాయో మీకు నిజంగా తెలియాలి, అది కదలకుండా నిలబడాలి. కింద రాసినవన్నీ ఎటు తిరిగినా ఆ ఒక్క పని దగ్గరికే వస్తాయి.

బందరు లాకుల దగ్గర మొదలుపెడదాం

విజయవాడలో బందరు లాకులు, ఏలూరు లాకులు అని రోజూ అంటాం, ఇటు దుగ్గిరాల వెళ్తే అక్కడా లాకులున్నాయి, కానీ లాకు చేసే పనేంటో ఈ తరం పిల్లల్లో చాలామందికి తెలియదు. కాలువలో ఎగువ నీటి మట్టం ఒకటి, దిగువ మట్టం ఇంకొకటి. పడవ నేరుగా అటు దిగలేదు. అందుకని మధ్యలో ఒక గది కట్టి, అందులో నీళ్లు పెంచుతూనో తగ్గిస్తూనో మట్టం సరిసమానం చేసి, అప్పుడు తలుపు తీస్తే పడవ కుదుపు లేకుండా అటువైపు జారుకుంటుంది.

పరమాణువుల దగ్గర కూడా రెండు మట్టాలున్నాయి. విడివిడిగా వచ్చి ఢీకొనే ఒక పొటాషియం, ఒక రుబీడియం, ఈ రెండిటి మొత్తం శక్తి ఒక మట్టం. అవే రెండు పరమాణువులు వేరే స్పిన్ అమరికలో (స్పిన్ అంటే పరమాణువుని చిన్న అయస్కాంతంలా చేసే లోపలి గుణం) ఒకదానికొకటి అతుక్కుని అణువుగా ఉంటే దాని శక్తి రెండో మట్టం. ఈ రెండు స్థితుల మాగ్నెటిక్ మూమెంట్, అంటే అయస్కాంతంగా వాటి బలం, వేరు, కాబట్టి బయటినుంచి అయస్కాంత క్షేత్రం పెంచితే ఒక మట్టం ఒక వేగంతో, ఇంకోటి ఇంకో వేగంతో కదులుతాయి. ఏదో ఒక ఫీల్డు దగ్గర రెండూ సమానమవుతాయి. సరిగ్గా అక్కడ ఢీకొనే జంట కాసేపు అణువులా ఉండి మళ్లీ విడిపోతుంది, దాంతో వాటి మధ్య ఆకర్షణ-వికర్షణల లెక్క మొత్తం తలకిందులవుతుంది. దీన్నే అనునాదం, రెజొనెన్స్ అంటాం. హెర్మన్ ఫెష్‌బాక్ 1958లో న్యూక్లియర్ రియాక్షన్ల కోసం రాసుకున్న ఆలోచన ఇది. చల్లటి పరమాణువుల్లో మొదటిసారి స్పష్టంగా కనిపించింది 1998లో, ఎంఐటీలో కెటర్లీ బృందం సోడియంలో 853, 907 గాస్‌ల దగ్గర చూసింది. రెండు వేర్వేరు మూలకాల మధ్య దొరకడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది: 2004లో ఎంఐటీలో లిథియం-సోడియం, అదే ఏడాది అమెరికాలో బౌల్డర్‌లోని జిలా అనే పరిశోధన సంస్థలో డెబొరా జిన్ బృందం దగ్గర పొటాషియం-రుబీడియం.

మనం ఆ రెండో జంటనే తీసుకుందాం. కారణం చాలా మామూలుది. రుబీడియంకి కావాల్సిన లేజరు 780 నానోమీటర్లు, పొటాషియంకి 767. రెండూ పక్కపక్కనే ఉండబట్టి ఒకే రకం డయోడ్లు, అద్దాలు, పూతలతో పని నడిచిపోతుంది. అదే లిథియం-సీజియం అయితే 671, 852, అంటే దాదాపు అన్ని సామాన్లూ రెండేసి కొనాలి.

సూత్రం, దాన్ని షీటులో పెట్టడం

ఇంత చల్లటి స్థితిలో రెండు పరమాణువుల ఢీని పూర్తిగా చెప్పేసే అంకె ఒకటే ఉంటుంది, స్కాటరింగ్ లెంగ్త్. అది ప్లస్ అయితే ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఉంటాయి, మైనస్ అయితే లాక్కుంటున్నట్టు, సున్నా అయితే ఒకటి ఉన్నట్టు ఇంకోదానికి తెలియదు. దీన్ని బోర్ రేడియస్‌లలో కొలుస్తారు, ఒక బోర్ రేడియస్ అంటే 0.053 నానోమీటర్లు. ఇదిగో ఆ ఒక్క లైను:

స్కాటరింగ్ లెంగ్త్ = నేపథ్య విలువ × (1 − వెడల్పు ÷ (ఫీల్డు − కేంద్రం))

నేపథ్య విలువ అంటే రెజొనెన్స్‌కి దూరంగా ఉన్నప్పటి విలువ, కేంద్రం అంటే రెండు మట్టాలూ సమానమయ్యే ఫీల్డు. పొటాషియం-40, రుబీడియం-87 (పక్క అంకె ఏ ఐసోటోపో చెప్తుంది) రెండూ తమ తమ అతి తక్కువ శక్తి స్పిన్ స్థితుల్లో ఉన్నప్పుడు, నేపథ్య విలువ సుమారు మైనస్ 187 బోర్ రేడియస్‌లు, కేంద్రం సుమారు 546.6 గాస్, వెడల్పు సుమారు మైనస్ 3 గాస్. వెడల్పుకి మైనస్ ఏంటని కంగారు పడకండి, సున్నా అయ్యే చోటు కేంద్రానికి ఏ వైపున ఉందో చెప్పే గుర్తు అది.

షీటు తెరిచి మొదటి నిలువు వరసలో 540 నుంచి 552 దాకా ఫీల్డు విలువలు 0.05 తేడాతో దింపండి. పక్క వరసలో మైనస్ 187 ని (1 + 3 ÷ (ఫీల్డు − 546.6)) తో గుణించండి. 546.6 గడిలో సున్నాతో భాగించినట్టు ఎర్రర్ వస్తుంది, అది సహజం, ఆ ఒక్క గడీ చెరిపేసి గ్రాఫు గీయండి. ఎడమనుంచి మైనస్‌లో వచ్చే గీత 543.6 దగ్గర సున్నా దాటి, ప్లస్‌లోకి వెళ్లి ఆకాశానికి ఎగుస్తుంది, 546.6 దాటగానే పాతాళం నుంచి లేచి మళ్లీ మెల్లగా మైనస్ 187 వైపు సర్దుకుంటుంది.

ఇప్పుడు గ్రాఫు పక్కన పెట్టి కొన్ని అంకెలు చేత్తో వేయండి, ఈ పని మానొద్దు. 546.1 దగ్గర ప్లస్ 935 వస్తుంది. 547.1 దగ్గర మైనస్ 1309. అంటే ఒక్క గాస్ జరిగితే గట్టి తోపు కాస్తా గట్టి లాగుడు అయిపోయింది. ఇంకా దగ్గరికి వెళ్లి 546.5 వేస్తే ప్లస్ 5423, అంటే దాదాపు 290 నానోమీటర్లు, పరమాణువు సైజుకి వందల రెట్లు. అక్కడే ఫీల్డు పొరపాటున 0.01 గాస్ తప్పి 546.51 అయిందనుకోండి, 6046 వస్తుంది. అటు 546.49 అయితే 4913. గాస్‌లో వందో వంతు తప్పుకి జవాబులో దాదాపు పది శాతం తేడా! తేలిక గుర్తు: కేంద్రానికి మీరు ఎంత దూరంలో ఉన్నారో, మీ ఫీల్డు తప్పు అందులో ఎంత భాగమో, కేంద్రం దగ్గర స్కాటరింగ్ లెంగ్త్‌లో తప్పు కూడా దాదాపు అంత భాగం.

షీటు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఒకే మూలకం ఉన్న ఉదాహరణ ఒకటి వేసుకోండి. రుబీడియం-85కి కేంద్రం సుమారు 155 గాస్, వెడల్పు ప్లస్ 10.7, నేపథ్యం మైనస్ 443. దీనికి సున్నా 165.7 దగ్గర, కేంద్రానికి పై వైపున రావాలి. రాకపోతే ఎక్కడో గుర్తు తప్పారు. మా పిల్లల్లో సగం మంది ఇక్కడే దొరికిపోతారు, దొరకడమే మంచిది.

కాయిల్ చుట్టడం

546 గాస్ అంటే ఎంత? మన దగ్గర భూమి ఫీల్డు 0.4 గాస్ చిల్లర. అంటే దానికి వెయ్యి రెట్లకి పైగా, అదీ రెండు చుట్టల మధ్య ఖాళీలో, ఇనుము వాడకుండా. ఇది కాగితం మీద చదివితే ఒంటికి పట్టదు, చుట్టి చూడాలి.

పోయినేడాది ఒక బ్యాచ్‌ని తీసుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఒక మోటార్ వైండింగ్ షాపుకి వెళ్లాను. 200 మిల్లీమీటర్ల పీవీసీ పైపు నుంచి కోయించుకున్న రెండు రింగులు, 18 గేజి ఎనామిల్ రాగి వైరు మా సామాను. షాపు పెద్దాయన రింగుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ మోటారుదండీ ఇది, లోపల ఇనుము లేదేంటి?" అన్నారు. "ఇనుము ఉండకూడదు బాబాయ్, ఉంటే మా లెక్క తప్పుతుంది, సరిగ్గా వంద చుట్లు కావాలి, రెండిటికీ ఒకే వైపు తిప్పాలి" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. కౌంటరు ఉన్న చేతి మెషీన్‌కి రింగు బిగించి, వైరుని రెండు వేళ్ల మధ్య గుడ్డతో పట్టుకుని, ఇరవై చుట్ల చొప్పున ఐదు వరసలు, ఒక చుట్టు మీదికి ఇంకోటి ఎక్కకుండా పేర్చేశారు. వరసకీ వరసకీ మధ్య కాగితం వేసి, వార్నిష్ రాసి ఇచ్చారు. ల్యాబుల్లో ఇంత శుభ్రమైన చుట్టు నేను తక్కువ చూశాను.

రెండు చుట్టలూ ఎదురెదురుగా, మధ్య దూరం వాటి వ్యాసార్థం అంత, అంటే 10 సెంటీమీటర్లు ఉండేలా చెక్క మీద నిలబెట్టండి. ఇనుప మేకులు వద్దు, ఇత్తడి స్క్రూలు వాడండి. వంద చుట్లు, 10 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న ఈ జంటకి ఆంపియర్‌కి దాదాపు 9 గాస్ వస్తుంది. అర ఆంపియర్ చాలు, 4.5 గాస్, అంటే 450 మైక్రోటెస్లా. కొన్ని ఫోన్ల సెన్సర్లు ఎక్కువ ఫీల్డుకి చేతులెత్తేస్తాయి కాబట్టి అంతకు మించి ఇవ్వకండి. ఫోనులో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే మాగ్నెటోమీటర్ చూపిస్తుంది, జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేశారు దాన్ని. సెన్సరు ఫోనులో ఏ మూల ఉందో ముందు కనుక్కోవాలి: ఒక ఇనుప సూదిని ఫోను వెనక నెమ్మదిగా జరుపుతూ పోతే, అంకె ఎక్కువగా ఎగిరే చోటే సెన్సరు.

మేం మొదటిసారి స్విచ్ వేసినప్పుడు అంకె 40 దగ్గరే ఉండిపోయింది, కదల్లేదు. పిల్లల మొహాలు వాడిపోయాయి. మీటర్లో కరెంటు వెళ్తోంది, కాయిల్స్ వెచ్చబడుతున్నాయి, మధ్యలో మాత్రం భూమి ఫీల్డు తప్ప ఏమీ లేదు. ఒకమ్మాయి ఫోనుని ఒక చుట్ట వైపు జరిపింది, అంకె పెరిగింది. రెండో చుట్ట వైపు జరిపింది, మళ్లీ పెరిగింది, కానీ గుర్తు మారింది. రెండో కాయిల్ వైర్లు తిరగేసి కలిపాం, అంతే! నేను ఆ తప్పుని వెంటనే సరిచేయనివ్వలేదు, ఎందుకంటే మధ్యలో సున్నా ఉండి అన్ని వైపులకీ పెరిగే ఆ ఫీల్డే, పరమాణువుల్ని లేజర్లతో కలిసి మొట్టమొదట పట్టుకునే బోను, మాగ్నెటో-ఆప్టికల్ ట్రాప్‌లో వాడేది. నిజం ల్యాబుల్లో చాలాచోట్ల ఇవే కాయిల్స్‌ని మొదట ఎదురు దిశల్లో నడిపి, తర్వాత స్విచ్‌తో ఒకే దిశకి మార్చి రెజొనెన్స్ ఫీల్డు తెస్తారు. వైర్లు మార్చాక అంకె 450 చుట్టుపక్కలకి వచ్చింది. భూమి ఫీల్డు దిశని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, కరెంటు దిశ తిప్పి రెండుసార్లు చదివి సగటు తీస్తే అది పోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఇదే కాయిల్‌తో 546.6 గాస్ కావాలంటే దాదాపు 61 ఆంపియర్లు. రెండు చుట్టల రెసిస్టెన్స్ కలిపి సుమారు 1.85 ఓమ్‌లు. వేడి దాదాపు 7 కిలోవాట్లు, అంటే రెండు కిలోవాట్ల గీజర్లు మూడున్నర ఈ చిన్న రింగుల్లో పెట్టినట్టు, నిమిషంలో ఎనామిల్ కాలిపోతుంది. అందుకే ల్యాబుల్లో బోలు రాగి గొట్టాన్ని చుట్టి దాని లోపలి నుంచి నీళ్లు పంపుతారు, వందల ఆంపియర్లు పంపి చుట్లు తగ్గించుకుంటారు. మీరు ఇంట్లో దీన్ని చేయాలని అస్సలు ప్రయత్నించకండి.

మనం చూడాల్సింది నిలకడ. ఫోను తీసేసి, సప్లైని వోల్టేజి స్థిరంగా ఉండే మోడ్‌లో పెట్టి ఒక ఆంపియర్ దాకా ఇచ్చి ఇరవై నిమిషాలు వదిలేయండి, మే నెల గుంటూరు మధ్యాహ్నం అయితే ఇంకా బాగా తెలుస్తుంది. కరెంటు మెల్లగా తగ్గుతుంది. రాగి ఒక డిగ్రీ వేడెక్కితే రెసిస్టెన్స్ 0.4 శాతం పెరుగుతుంది, కరెంటు అంత తగ్గుతుంది. 546 గాస్‌లో 0.4 శాతం అంటే 2 గాస్‌లు, మన రెజొనెన్స్ వెడల్పే 3! ఒక్క డిగ్రీకి! అదే సప్లైని కరెంటు స్థిరంగా ఉండే మోడ్‌కి మార్చండి, కాయిల్ వేడెక్కినా కరెంటు అంకె నిలబడుతుంది. ల్యాబులో దీనికి ఇంకా పై మెట్టు ఉంటుంది, కరెంటుని విడిగా సెన్సరుతో కొలిచి, ఫీడ్‌బ్యాక్‌తో సరిచేస్తూ ఉంటారు. మనకి 0.01 గాస్ కావాలంటే 61 ఆంపియర్లలో ఒక మిల్లీ ఆంపియర్ చిల్లర కూడా కదలకూడదు.

0.01 గాస్ అంటే ఒక మైక్రోటెస్లా, ఫోను అంకెల్లో అది కనిపిస్తుంది. కాయిల్ ఆపేసి ఫోనుని బల్ల మీద కదలకుండా పెట్టి, పక్కనున్న ఇనుప బీరువా తలుపు తీసి చూడండి. మా గదిలో నాలుగు మైక్రోటెస్లాలు జరిగింది. కుర్చీ జరిపితే జరుగుతుంది, కింద బండి స్టార్ట్ చేసి వెళ్తే జరుగుతుంది. చల్లటి పరమాణువులతో పనిచేసేవాళ్లు లిఫ్టు గురించి, మెయిన్స్ 50 హెర్ట్జ్ గురించి ఎందుకంత పట్టింపుగా ఉంటారో ఇది చూశాక మా పిల్లలకి మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ల్యాబులో రెజొనెన్స్ వెతకడం

చల్లబరిచే భాగం త్వరగా దాటేస్తాను, అది వేరే పెద్ద కథ. ముందు లేజర్లతో రెండిటినీ పట్టుకుంటారు, తర్వాత రుబీడియంని ఆవిరి చేస్తూ చల్లబరిస్తే దానితో ఢీకొంటూ పొటాషియం కూడా చల్లబడుతుంది. పొటాషియం-40 ఫెర్మియాన్, ఒకే స్పిన్ స్థితిలో ఉంటే తమలో తాము ఇంత చలిలో ఢీకొనవు, కాబట్టి రుబీడియం తోడు తప్పనిసరి. పైగా ప్రకృతిలో దొరికే పొటాషియంలో ఈ ఐసోటోపు 0.0117 శాతమే, దాని పాళ్లు పెంచిన పొటాషియం కొనుక్కోవాలి. చివర్లో రెండిటినీ లేజరు కాంతితో చేసిన ఆప్టికల్ ట్రాప్‌లోకి మారుస్తారు, ఎందుకంటే మాగ్నెటిక్ ట్రాప్ మనకి కావాల్సిన అట్టడుగు స్పిన్ స్థితుల్ని పట్టుకోలేదు, పైగా మనం ఫీల్డుని ఇష్టమొచ్చినట్టు తిప్పాలి. ఉష్ణోగ్రత ఒక మైక్రోకెల్విన్ లోపు. ఆ ట్రాప్‌లోకి వచ్చాక రెండిటినీ అట్టడుగు స్పిన్ స్థితికి మార్చే మెట్టు ఒకటుంది, అది సగంలో ఆగిపోతే కింద చెప్పేదేదీ కనపడదు, అది ముందు సరిచూసుకోండి.

ఇక వెతుకులాట. ఫీల్డుని ఒక విలువకి తీసుకెళ్లాలి, కొన్ని వందల మిల్లీసెకండ్లు అక్కడ ఉంచాలి, తర్వాత ఫీల్డు తీసేసి రెండు రకాలనీ ఫొటో తీసి ఎన్నెన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. ఫీల్డు కాస్త జరిపి, కొత్త పరమాణువుల మేఘం చేసుకుని మళ్లీ మొదలు. రెజొనెన్స్ దగ్గర మూడేసి పరమాణువులు ఒకేసారి కలిసి, అందులో రెండు గట్టి అణువుగా మారి, వచ్చిన శక్తితో మూడూ ట్రాప్ నుంచి ఎగిరిపోతాయి. కాబట్టి గ్రాఫులో గుంట పడ్డ చోటే మీరు వెతికేది.

ఒక్కో కొలతకి 40 సెకన్లు అనుకుంటే, సున్నా నుంచి 600 గాస్ దాకా 0.1 చొప్పున ఆరు వేల కొలతలు, రాత్రీ పగలూ ఆపకుండా దాదాపు మూడు రోజులు. అందుకే గుడ్డిగా వెతకరు. సిద్ధాంతంవాళ్లు రెండు పరమాణువుల మధ్య పొటెన్షియల్ (దూరాన్ని బట్టి వాటి శక్తి ఎలా మారుతుందో చెప్పే లెక్క) తీసుకుని ఎక్కడెక్కడ రావచ్చో అంచనా ఇస్తారు, రెండు మూడు గుంటలు దొరికితే వాటితో ఆ పొటెన్షియల్‌ని సరిచేసి మిగతావి చెప్పేస్తారు. పొటాషియం-40తో కొలిచిన వాటి నుంచి ద్రవ్యరాశి మార్చి లెక్కగట్టి, పొటాషియం-39, 41 లకి రుబీడియం-87తో ఎక్కడ వస్తాయో కూడా చెప్పారు. పొటాషియం-41కి సుమారు 39, 79 గాస్‌ల దగ్గర నిజంగానే దొరికాయి. తక్కువ ఫీల్డు కాబట్టి కాయిల్‌కి ఎంత హాయో మీకు ఇప్పుడు తెలుసు.

గుంట కనపడగానే సంబరపడకండి. అది మిశ్రమానిదో, ఒక్క రుబీడియందో తేల్చాలి. రుబీడియం-87కి సొంతంగా బోలెడు సన్నటి రెజొనెన్స్‌లు ఉన్నాయి, పెద్దది 1007 గాస్ దగ్గర. పొటాషియంని వేయకుండా రుబీడియం ఒక్కదాన్నే అదే ఫీల్డు దగ్గర అంతే సేపు ఉంచండి, తర్వాత పొటాషియం ఒక్కదాన్నే. రెండు సందర్భాల్లోనూ గుంట మాయమై, కలిపినప్పుడు మాత్రమే వస్తే అది మిశ్రమానిదే. ఇంకో ఆనవాలు కూడా ఉంది: రెండు ఒకేలాంటి ఫెర్మియాన్లు దగ్గరికి రావు కాబట్టి పోయే ముగ్గురిలో ఒకటి పొటాషియం, రెండు రుబీడియం ఉంటాయి, లెక్క ఆ పాళ్లలోనే తగ్గాలి.

గుంట రాకపోతే? ఇక్కడ నేను ఒకసారి నాలుగు రోజులు పోగొట్టుకున్నాను. ఫీల్డు సరే, స్పిన్ సరే, గుంట మాత్రం లేదు. కారణం గురుత్వాకర్షణ. ట్రాప్ స్ప్రింగు లాంటిది, బరువైనది ఎక్కువ కిందికి దిగుతుంది. రుబీడియంకి ట్రాప్ ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్ అయితే అది మధ్య నుంచి 25 మైక్రోమీటర్లు దిగుతుంది. అదే గట్టిదనం ఉన్న ట్రాప్‌లో పొటాషియం దిగేది 11 చిల్లర. మేఘాల మధ్య తేడా 13 మైక్రోమీటర్లు. 500 నానోకెల్విన్‌లో రుబీడియం మేఘం సైజు 11 మైక్రోమీటర్లు, కాబట్టి ఇంకా ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. 100 నానోకెల్విన్‌కి చల్లబరిస్తే సైజు 5కి పడిపోతుంది, అప్పుడు మేఘాలు ఒకదాని పైన ఒకటి విడివిడిగా, దాదాపు కలవకుండా వేలాడుతుంటాయి. నేను ఎక్కువ చల్లబరిచిన కొద్దీ ఫలితం చెడిపోవడం అందుకే. ట్రాప్‌ని నిలువుగా గట్టిపరచగానే అదే రోజు సాయంత్రం గుంట కనపడింది. ఒకే మూలకంతో పనిచేసి మిశ్రమాలకి వచ్చేవాళ్లు అందరికన్నా ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఫీల్డుని పరమాణువులతోనే కొలవడం

చాంబరు లోపల మీటరు పెట్టలేరు, కరెంటు నుంచి లెక్కగట్టిన ఫీల్డుని 0.01 గాస్ దాకా నమ్మలేరు. అందుకని అక్కడున్న రుబీడియంనే మీటరుగా వాడతారు. రుబీడియం-87లో రెండు హైపర్‌ఫైన్ మట్టాల (న్యూక్లియస్ స్పిన్ వల్ల విడిపోయిన శక్తి మట్టాలు) మధ్య తేడా ఫీల్డు లేనప్పుడు 6.8347 గిగాహెర్ట్జ్. ఫీల్డు పెట్టాక అట్టడుగు స్థితి నుంచి పై మట్టంలో చివరి స్థితికి పంపే మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీ, 546 గాస్ చుట్టుపక్కల, గాస్‌కి 2.3 మెగాహెర్ట్జ్ చొప్పున జరుగుతుంది. అంటే 0.01 గాస్‌కి 23 కిలోహెర్ట్జ్, తేలిగ్గా పట్టేయొచ్చు. ఫ్రీక్వెన్సీ జరుపుతూ పోతే ఒకచోట పరమాణువులు పై మట్టానికి ఎగురుతాయి, బ్రైట్-రాబీ సూత్రంలో ఆ ఫ్రీక్వెన్సీ పెడితే ఫీల్డు వస్తుంది. ఇది రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు చేయండి, మధ్యాహ్నం ఒకసారి, ఏసీ ఆగి మళ్లీ వచ్చాక ఇంకోసారి. నా నోటుబుక్కులో ప్రతి పేజీ పైన ఈ అంకె ఉంటుంది, అది లేని పేజీలో డేటాని నేను వాడలేదు.

వెడల్పు తక్కువైన రెజొనెన్స్ అయితే ఇంకా గట్టిగా ఉండాలి. లిథియం-6లో రెండు స్పిన్ స్థితుల మధ్య 832 గాస్ దగ్గరున్నది 260 గాస్‌లకి పైగా వెడల్పు, అక్కడ ఒక గాస్ తప్పినా పెద్దగా పోయేదేం లేదు. మిశ్రమాల్లో అంత వెడల్పైనవి అరుదు. మనది 3 గాస్ మాత్రమే. 2014లో హైడెల్‌బర్గ్, చికాగో బృందాలు లిథియం-సీజియంలో 843 గాస్ దగ్గర ఎఫిమోవ్ స్థితులు (మూడు పరమాణువులు కలిసి అతుక్కునే స్థితులు) ఒకదాని తర్వాత ఒకటి వరసగా చూడగలిగాయంటే సగం ఘనత ఫీల్డు నిలకడదే. ఆ స్థితులు ఒకేరకం బోసాన్లలో (ఫెర్మియాన్లలా కాకుండా ఒకే స్థితిలో ఎన్నైనా ఉండగల పరమాణువులు) అయితే సైజులో 22.7 రెట్ల తేడాతో వస్తాయి, ఒక తేలిక పరమాణువుకి రెండు బరువైనవి తోడైన ఈ జంటలో తేడా 4.9 రెట్లకి తగ్గుతుంది, అందుకే ఒకే గ్రాఫులో ఒకటికి మించి పట్టాయి. మన దేశంలో మిశ్రమాల పని చూడాలనుకునేవాళ్లు బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సోడియం-పొటాషియం ల్యాబు గురించి చదవండి, ప్రాజెక్టు దరఖాస్తుకి ఈ షీటూ, కాయిల్ కొలతలూ జత చేస్తే మీరు ఏం అడుగుతున్నారో వాళ్లకి అర్థమవుతుంది.

తలుపు తీసి పడవని దాటించడం

రెజొనెన్స్ దొరికింది, ఫీల్డు కొలిచారు. ఇప్పుడు లాకు తలుపు తీయొచ్చు. ఫీల్డుని 546.6 కి పై వైపున, అంటే స్కాటరింగ్ లెంగ్త్ మైనస్‌గా ఉన్న వైపున మొదలుపెట్టి, కొన్ని మిల్లీసెకండ్లలో కిందికి, ప్లస్ వైపుకి దించండి. అణువు మట్టం, జంట మట్టం సమానమై దాటుకునేటప్పుడు, వేగం సరిపోతే విడి జంటల్లో కొన్ని బలహీనంగా అతుక్కున్న అణువులుగా మారతాయి. మరీ వేగంగా దించితే నీటి మట్టం కలవకముందే తలుపు మూసేసినట్టు, జంటలు జంటలుగానే ఉండిపోతాయి. మరీ నెమ్మదిగా దించితే దారిలోనే మూడేసి ఢీలలో సరుకంతా పోతుంది. ఈ వేగం లెక్క ఒక్కదానితో తేలదు, అరడజను వేగాలు పెట్టి చూసి మీ మేఘానికి ఏది నప్పుతుందో తేల్చుకోవాలి. కింది నుంచి పైకి పెంచితే అణువులు రావు, దిశ తప్పొద్దు.

జిలాలో 2008లో ఇలా చేసిన పొటాషియం-రుబీడియం అణువుల్నే తర్వాత రెండు లేజర్లతో అట్టడుగు స్థితికి దించి, 350 నానోకెల్విన్ దగ్గర, 0.57 డిబై డైపోల్ (అణువులో ప్లస్, మైనస్ ఆవేశాలు ఎంత ఎడంగా ఉన్నాయో చెప్పే కొలత, డిబై దాని యూనిట్) ఉన్న అణువుల వాయువు చేశారు. దాని మొదటి మెట్టు ఈ ఫీల్డు దించుడే.

అణువులు నిజంగా తయారయ్యాయా లేదా తేల్చడానికి, ఫీల్డు దించగానే మిగిలిపోయిన విడి పరమాణువుల్ని మైక్రోవేవ్, లైటు పల్సులతో తుడిచేయండి, అవి ఉంటే అణువుల్ని ఢీకొట్టి పాడుచేస్తాయి, లెక్కనీ కలగాపులగం చేస్తాయి. ఒకసారి ఇక్కడే ఫొటో తీయండి, ఖాళీగా రావాలి. తర్వాత మళ్లీ మొదటినుంచి చేసి, ఈసారి తుడిచాక ఫీల్డుని వెనక్కి, 546.6 పైకి తీసుకెళ్లి ఫొటో తీయండి. ఖాళీగా ఉన్న చోట పొటాషియం, రుబీడియం సమాన సంఖ్యలో మళ్లీ కనపడితే అవన్నీ అణువుల్లోంచి విడిపోయి వచ్చినవే, ఆ సంఖ్యే మీరు తయారుచేసిన అణువుల లెక్క.